అబద్ధం ఓర్వని అరుగు

మొంబాసా పాతబస్తీలో సాయంత్రం నమాజయ్యాక మయాసా తన ఇంటి ముందు రాతి అరుగు మీద కూర్చుని ఏలకులు దంచుతుంది. ఆ అరుగు మీద కూర్చుని ఎవరు అబద్ధమాడినా రాయి వేడెక్కుతుంది. అందుకే చేపలమ్మేవాళ్ళు అక్కడ నిలబడే బేరమాడతారు. పెళ్ళిసంబంధాలు తెచ్చినవాళ్ళయితే నేరుగా లోపలికే పోతారు.

ఆ రోజు పెట్టె ఈడ్చుకుంటూ ఒక అమ్మాయి వచ్చింది. మస్కట్ నుంచి ఊరు చూడ్డానికొచ్చిందట. ముక్కు చూడగానే ఎవరి కూతురో పోల్చుకున్న బస్తీ జనం, పొద్దుట్నించీ ఆమెకు తప్పుదారులే చూపించారు.

"అమ్మా, జోఖా పుట్టిల్లు ఇదేనా? నేను ఆవిడ కూతుర్ని, షంసాని."

ముప్ఫై ఏళ్ళ కిందట మయాసాకు కుదిర్చిన పెళ్ళికొడుకుతోనే ఆమె చెల్లెలు జోఖా ఓడెక్కింది.

"ఆ పేరుగలవాళ్ళు ఈ ఇంట్లో పుట్టలేదు."

అరుగు వెచ్చబడింది.

"అమ్మ పోయే ముందు ఈ గుమ్మం గుర్తులన్నీ చెప్పింది, పెద్దమ్మా."

'పోయే ముందు' అన్న చోట రోకలి ఒక దెబ్బ తప్పింది.

"ఎవరే నీకు పెద్దమ్మ? దారినపోయే ప్రతిదీ వరస కలపడమే!"

"అమ్మమ్మని ఒక్కసారి చూసి వెళ్ళిపోతాను."

"మా అమ్మ పోయి పదేళ్ళు. పోయి సమాధుల్లో వెతుక్కో."

ఎదురుగా కాఫీ అమ్మే అథ్మాన్ ఉండబట్టలేకపోయాడు. "లేవమ్మా మయాసా, కాలిపోతావు!"

"నీ కాఫీ పొంగుతోంది, చూసుకో ముసలాడా!"

లేస్తే ఓడినట్టే. పళ్ళు బిగబట్టి కూర్చుంది. బట్ట అంచున పొగ లేచింది. షంసా పెట్టె వదిలేసి ఒక్క ఉరుకున వచ్చి, రాతి మీద చెయ్యానించి, ఆమెను బలవంతంగా లేపింది.

పైకిటికీలోంచి వణుకుతూ ఒక గొంతు వినిపించింది. "కాలిన వాసనేమిటే మయాసా? ఎవరొచ్చారు?"

ఇప్పుడు మయాసా నిలబడే ఉంది. ఏం చెప్పినా రాయి ఏమీ చెయ్యదు. 'ఎవరూ లేరమ్మా' అనబోయింది. బొబ్బలెక్కిన ఆ పిల్ల అరచేయి కళ్ళబడింది.

"జోఖా కూతురమ్మా. పైకి వస్తోంది."

పైన ఏడుపు మొదలైంది. షంసా మెట్టు మీద కాలు పెట్టబోతుంటే మయాసా ఆమె భుజం పట్టుకుని ఆపింది.

"చెప్పులు బయట విప్పు. మీ అమ్మ పోయిందన్న మాట ఆవిడతో అన్నావో, నాలుక కోస్తాను."