ఆట మూసేసిన ఆదివారం

జోర్డాన్ దేశంలో, ఇర్బిద్‌లోని ఆ బీమా కంపెనీలో, పనివారం మొదలయ్యే ఆదివారం పొద్దున్నే అందరి కంప్యూటర్ల మీదా ఒక బూడిదరంగు పెట్టె తేలింది. 'ఈ ప్రోగ్రామ్‌కు అనుమతి లేదు' అని అందులో ఉంది. ఆఫీసు పనికి అక్కర్లేనివన్నీ నెట్‌వర్క్‌లో మూసేయమని అమ్మాన్‌లోని హెడ్డాఫీసు హుకుం. పాటలు పోయినవాళ్ళు తిట్టుకున్నారు, కబుర్ల ప్రోగ్రామ్ పోయినవాళ్ళు శాపనార్థాలు పెట్టారు. రెండో అంతస్తులో క్లెయిములు చూసే రజాయీకి మాత్రం పోయింది జిర్యేస్.

జిర్యేస్ కూర్చునేది నాలుగో అంతస్తులో. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. అప్పట్లో ఆఫీసు వదలగానే హాష్మీ వీధి కాఫీ హోటల్లో తావ్లా అనే పాచికలాట పలక ముందు చేరేవారు. పాచికలు పడగానే అంకెలు సగం పారసీకంలో, సగం తుర్కీలో అరుస్తూ, చెక్క పగిలేలా బిళ్ళలు కొట్టేవారు. ఓడినవాడు ఆ పలకను చంకలో పెట్టుకుని బజారంతా నడవాలి. "ఏం జిర్యేస్, పెళ్ళికూతుర్ని తీసుకుపోతున్నావా?" అని కూరగాయలవాళ్ళు కేకలేసేవారు. ఎంత మంచి సాయంత్రాలవి! తలుచుకుంటే రజాయీకి ఇప్పటికీ తనలో తనకే నవ్వొస్తుంది, ఆ వెంటనే దిగులేస్తుంది.

రజాయీ తల్లి పోయినప్పుడు, పరామర్శకి కూర్చున్న మూడు రోజుల్లో ఊరంతా వచ్చింది, జిర్యేస్ రాలేదు. ఎందుకని ఇతను అడగలేదు, అతను చెప్పలేదు. అంతటితో మాటలు ఆగిపోయాయి. మెట్ల మీద ఎదురైతే ఒకరు గోడ చూసేవారు, ఇంకొకరు బూట్లు చూసుకునేవారు. మగవాళ్ళ పంతమంత దండగమారి వస్తువు ఇంకోటి లేదు.

కొన్నేళ్ళకి ఎవరో ఆఫీసు కంప్యూటర్లలోకి తావ్లా ఎక్కించారు. రజాయీ ఊసుపోక తెరిస్తే, అవతల ఎవరో పేరు లేకుండా ఆడుతున్నారు. కాసేపటికే గుర్తుపట్టాడు. గెలిచే ఆటలో కూడా ఒక బిళ్ళని పలక మీద ఎదుటివాడి గళ్ళలోనే వదిలేసి కూర్చునే మొండిఘటం లోకంలో ఒక్కడే ఉన్నాడు. అవతలివాడూ గుర్తుపట్టే ఉంటాడు. అప్పట్నుంచీ రోజూ టీ వేళకి ఒక ఆట. మాటలు రాసుకోవడానికి కింద ఒక గడి ఉండేది గానీ ఇద్దరూ దాని జోలికి పోలేదు.

ఇప్పుడు ఆ ఆటా లేదు. కొన్నాళ్ళు ఓర్చుకుని, చివరికి నెట్‌వర్క్ చూసే లుజైన్ గదికి వెళ్ళాడు. పోయినేడు చేరిన పిల్ల. ఫ్లాస్కులోంచి చేదు కాఫీ వంచి చిన్న కప్పు చేతికిచ్చింది. రజాయీ ముట్టకుండా దాన్ని బల్ల మీద పెట్టేశాడు.

లుజైన్ పక్కున నవ్వి, అక్కడి మర్యాద ప్రకారం కొడుకు పేరుతో, ఫిరాస్ నాన్నగారూ అన్నట్టు, పిలిచింది. "ఇదేంటి అబూ ఫిరాస్ గారూ! మీ అబ్బాయి ఫిరాస్‌కి నన్ను అడగడానికొచ్చారా ఏంటి?"

ఆ ఊళ్ళో పిల్లనడగడానికి వెళ్ళినా, పగ మాపుకోవడానికి వెళ్ళినా అంతేగా మరి. ఇంటివాళ్ళు 'కాఫీ తాగండి' అనేదాకా కప్పు ముట్టరు. ఆ మాట అన్నారంటే కోరిక తీరినట్టే.

"తావ్లా ఒక్కటి తెరువు తల్లీ. టీ వేళకి మాత్రమే."

"నా చేతిలో ఉంటే తెరవనా? తాళం అమ్మాన్‌లో ఉంది. ఇక కాఫీ తాగమని ఏ మొహంతో అననూ?" అని తల పట్టుకుంది. "మీరిద్దరూ కూడబలుక్కుని వచ్చారా?"

"ఇద్దరమెవరు?"

లుజైన్ కిటికీ వైపు చూపించింది. అక్కడ ఇంకో కప్పు, నిండుగా, చల్లారిపోయి ఉంది.

"పొద్దున అబూ ఈసా గారు వచ్చారు, పైన నాలుగో అంతస్తు జిర్యేస్ గారు. ఆయనదీ ఇదే కోరిక. ఒక్క చుక్క తాగలేదు."

రజాయీ ఇన్నేళ్ళూ ఆ ఆట కావలసింది తనొక్కడికే అనుకున్నాడు. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కాడు.

గుమ్మంలో అతన్ని చూసి జిర్యేస్ కుర్చీలోంచి లేచాడు. జుట్టంతా నెరిసిపోయింది. తర్వాత తన ఫ్లాస్కు తీసి, కాఫీ పోసి, కప్పు ముందుకి తోశాడు. రజాయీ దాన్ని ముట్టలేదు.

"నెట్‌వర్క్ నా చేతిలో లేదు," అన్నాడు జిర్యేస్ పెడసరంగా.

"నేనడిగేది నీ చేతిలోనే ఉంది. అమ్మ పోయినప్పుడు ఎందుకు రాలేదో అడగను. నాతో మాట్లాడరా, చాలు."

జిర్యేస్ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"కాఫీ తాగరా," అన్నాడు.