ఫోనమ్మ చూసిన ముఖం

"ముందు బండి పక్కకి ఆపు నాయనా. ఆపావా? స్టాండు వేశావా? ఇప్పుడు చెప్తాను, విను."

రిసీవరును ఎడమ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, అవతల చప్పుడు సద్దుమణిగే దాకా ఆవిడ ఆగింది. ఇంజను ఆగింది. హారన్లు దూరమయ్యాయి. అప్పుడు గొంతు సవరించుకుని, "యూనివర్సిటీ ఫైనాన్స్, బీమా విభాగం నుంచి మాట్లాడుతున్నాను. ఫైనాన్స్‌లో ఈ ఏడు మొదటి బహుమతి నీకే," అంది.

అవతల ఏమీ వినపడలేదు. ఆవిడ కంగారు పడలేదు. వార్త చెప్పగానే వచ్చే ఆ నిశ్శబ్దం ఆవిడకి బాగా అలవాటే.

"నిజంగానా అండీ? నాకేనా? ఇంకోసారి చెప్పరా?"

ఇంకోసారి చెప్పింది. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెబుతుంది. ఆ పని ఎవరైనా విసుక్కుంటూ చేస్తారంటే ఆవిడకి నమ్మశక్యంగా ఉండదు.

విద్యార్థులు ఆవిడకి పెట్టిన పేరు ఫోనమ్మ. పొట్టి మనిషి. రిసీవరు ఇరికించుకుని ఇరికించుకుని ఎడమ భుజం కాస్త పైకి లేచిపోయింది, వెనక నుంచి చూస్తే ఎప్పుడూ ఎవరి మాటో వింటున్నట్టే ఉంటుంది. ఫోన్ చేసే రోజు ఫ్లాస్కులో వేన్నీళ్ళు తెచ్చుకుంటుంది. ఒక గుక్క తాగి, నిటారుగా కూర్చుని, అప్పుడు నంబరు నొక్కుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కుర్రాడు స్కూటరు నడుపుతూ ఈ కబురు విని, ఆనందం పట్టలేక బండితో సహా కాలువలోకి దిగాడు. చంకకింద కర్రలతో స్టేజీ ఎక్కి బహుమతి తీసుకున్నాడు. అప్పటి నుంచీ బండి మీదున్నవాళ్ళని ఆపిస్తుంది, మెట్ల మీదున్నవాళ్ళని కూర్చోబెడుతుంది, పొయ్యి దగ్గరున్నవాళ్ళ చేత పొయ్యి ఆర్పిస్తుంది. ఆ తర్వాతే అసలు సంగతి.

అసలు ఆవిడ చేరింది టైపిస్టుగా. ఎవరో రాంగ్ నంబరు వాడితో అంత మర్యాదగా మాట్లాడటం అప్పటి ఆఫీసరు విన్నాడు. "ఈ గొంతు టైపు మిషను వెనక దాక్కోవడమేమిటి?" అని ఫోను దగ్గర కూర్చోబెట్టాడు. బహుమతులు, స్కాలర్‌షిప్పులు వచ్చినవాళ్ళకి ఆ కబురు అందించడం ఆవిడ పని. రాని వాళ్ళకి పోస్టులో వెళ్తుంది. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి మానేసిన ఆవిడ భర్తకి ఈ విషయంలో ఒక ఫిర్యాదు ఉంది: "ఆ గొంతు ఆఫీసులోనే వదిలేసి వస్తావు. ఇంటికొచ్చేది వేరేది."

ఆవిడ చదువు మధ్యలోనే ఆగిపోయింది. కొడుకు బస్సు నడుపుతాడు, కూతురికి జుట్టు కత్తిరించే షాపు ఉంది. ఇద్దరూ సుఖంగానే ఉన్నారు, ఇద్దరికీ ఏ బహుమతీ రాలేదు. అయినా సిటీ బస్సులో వెళ్తూ ఏ పెద్ద బ్యాంకో బీమా కంపెనీయో కనపడితే పక్క సీటావిడతో, "మా పిల్లవాడు ఇందులోనే పెద్ద ఆఫీసరు," అంటుంది. "అదృష్టవంతులండీ," అంటే తల ఊపుతుంది. సొంత కొడుకనుకుంటారని తెలుసు. సరిదిద్దదు. ఆ కుర్రాడు ఆ రోజు ఫోన్లో ఏడ్చిన ఏడుపు తనే కదా విన్నది!

అలా ఎందరి నవ్వులో, ఎందరి ఏడుపులో. ఒకమ్మాయి వరసగా తుమ్మింది. ఒకడు, "అమ్మా, తర్వాత చేస్తాను," అని పెట్టేశాడు, ఇంట్లో అమ్మే అనుకుని. కానీ వాళ్ళెవరి ముఖమూ ఆవిడ ఆ క్షణంలో చూడలేదు. బహుమతుల సభ జరిగేది దూరంగా ఉన్న పెద్ద హాల్లో. ఆ రోజు కూడా ఫోను దగ్గర మనిషి ఉండాలి.

చివరి నంబరు మిగిలింది. బీమా చదివే అమ్మాయి, విభాగంలోకెల్లా పెద్ద స్కాలర్‌షిప్పు. ఒక గుక్క తాగి నొక్కింది. మగ గొంతు పలికింది.

"నమస్కారమండీ, యూనివర్సిటీ బీమా..."

"మాకే బీమా వద్దు!" టక్కున పెట్టేశాడు.

మళ్ళీ చేసింది. "అయ్యా, ఒక్క మాట. బీమా విభాగం నుంచి..."

"ఒకసారి చెబితే అర్థం కాదా మీకు?"

మూడోసారి ఫోను స్విచాఫ్.

సెక్షన్ ఆఫీసరు వయసులో ఆవిడ కొడుకంత ఉంటాడు. సంగతి విని పెదవి విరిచాడు. "ఆ అమ్మాయి ఈ మధ్య క్లాసులకే రావట్లేదటమ్మా. సాయంత్రం ఆఫీసు మూసేలోగా ఆ పిల్ల నోట సరే అన్న మాట వినాలి. లేకపోతే రెండో స్థానంలో ఉన్నవాళ్ళకి వెళ్ళిపోతుంది. ఏం చేస్తాం, రూలు."

"ఇల్లెక్కడో చెప్పండి సార్, వెళ్ళొస్తాను."

"మీరా? ఉద్యోగంలో ఇవాళ మీ ఆఖరి రోజు. ఇవాళైనా కాస్త కుదురుగా కూర్చోండి. అయినా మనం ఇంటికెళ్ళి చెప్పాలని రూల్సులో లేదు."

"వెళ్ళకూడదని ఉందా?"

ఆయన ఆలోచించాడు. "లేదు."

"మరింకేం," అని ఆవిడ బ్యాగు భుజాన వేసుకుంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది గానీ, ఈసారి బ్యాంకులేవీ చూడలేదు. ఆ పిల్ల గొంతు ఆవిడకి గుర్తుంది. ఇంటర్వ్యూలు పక్క గదిలోనే జరుగుతాయి, మధ్యలో ఉన్నది పలచటి చెక్క గోడ. అందరూ గడగడా చెప్పుకుపోతుంటే ఆ ఒక్కతే ప్రతి మాటా ఆగి, తూచి చెప్పింది. ఆ మాటలు వింటూ ఆవిడ చేతిలో పని ఆపేసింది.

బస్సు దిగి అడుగుతూ వెళ్తే అది ఇల్లు కాదు, పరుపులు కుట్టే షాపు. ముందు వరండాలో పరుపులు నిలబెట్టి ఉన్నాయి. లోపల గాలంతా దూది. ఒక గోడ పైభాగం ఇంకా నల్లగా, పొగ చూరి ఉంది. కుడిచేతికి కట్టు కట్టుకున్న పెద్దమనిషి స్టూలు మీద కూర్చున్నాడు. నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఒక అమ్మాయి బారెడు సూదితో పరుపు అంచు కుడుతోంది. జుట్టు నిండా, కనుబొమల మీద కూడా దూదే.

"రండమ్మా, ఏ సైజు కావాలి?"

"పరుపు కోసం కాదండీ. పొద్దున్న మీరు నా ఫోను రెండుసార్లు పెట్టేశారు."

ఆయన కళ్ళు చిట్లించాడు. "ఓహో, ఆ బీమా గొంతు మీదేనా! ఇక్కడి దాకా వచ్చేశారా? చూడమ్మా, ఆ గోడ చూడు. షాపు కాలి బూడిదైతే మీవాళ్ళు చిల్లిగవ్వ ఇవ్వలేదు. కాగితంలో ఎక్కడో ఏదో రాసి ఉందట. నాకు చదవడం రాకపోవడమే నా తప్పట."

"నేను బీమా కంపెనీ మనిషిని కాదండీ. యూనివర్సిటీ నుంచి వచ్చాను. మీ అమ్మాయితో మాట్లాడాలి."

సూది ఆగింది. అమ్మాయి తల ఎత్తింది. ఫోనమ్మ ఒక్కసారి గొంతు సవరించుకుంది. గుక్కెడు వేన్నీళ్ళుంటే బాగుండేదనిపించింది.

"ముందు ఆ సూది పక్కన పెట్టు తల్లీ."

విభాగంలో చదివే ప్రతివాళ్ళకీ ఆ తరహా మాట తెలుసు. హాస్టల్లో ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకునే మాట అది. అమ్మాయి సూదిని పరుపులో గుచ్చేసి, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"పెద్ద స్కాలర్‌షిప్పు నీకే వచ్చింది."

అదే నిశ్శబ్దం. కానీ ఈసారి ఆవిడ ఎదురుగా ఉంది, చూస్తోంది. ముందు రెప్పలు ఆగిపోయాయి. పెదవులు ఏదో అనబోయి ఊరుకున్నాయి. మెడ దగ్గర నరం కొట్టుకుంది. తర్వాత ఆ కళ్ళు కదిలాయి. కబురు తెచ్చిన మనిషి వైపు కాదు, స్టూలు వైపు, తండ్రి వైపు. ఆ నిశ్శబ్దంలో ఏముంటుందో ఇన్నేళ్ళకి ఆవిడకి తెలిసింది. ఎవరూ మాట పోయి ఊరుకోరు. తమ మనిషి ఎక్కడున్నారా అని చుట్టూ వెతుక్కుంటారు.

"ఎందుకొచ్చింది దీనికి?" అన్నాడు తండ్రి. గొంతులో కోపం లేదు, నిజంగానే తెలియక అడిగాడు. "చెయ్యి విరిగితే నాకోసం మానేసి వచ్చింది కదా."

"బీమాయే ఎందుకు చదువుతున్నావని ఇంటర్వ్యూలో అడిగారండీ. పక్క గదిలో ఉండి విన్నాను. 'కాగితంలో రాసింది అర్థం కాకపోవడం మా నాన్న తప్పన్నారు. అర్థమయ్యేలా చెప్పకపోవడం ఎవరి తప్పో ఎవరూ అడగలేదు. మా నాన్నలాంటి వాళ్ళ పక్కన కూర్చుని చెప్పే మనిషి ఒకరుండాలి. ఆ పని నేను చేస్తాను' అంది."

పెద్దమనిషి చాలాసేపు కూతుర్నే చూశాడు. "నా సంగతి అక్కడ చెప్పావా?"

"చెప్పాను నాన్నా."

"అంత పెద్దవాళ్ళ ముందు?"

"నీ సంగతే కదా నాకు తెలిసింది."

ఆయన ఎడమచేత్తో ముఖం తుడుచుకున్నాడు. దూది అంటుకుంది. "నేను మానెయ్యమన్నానా ఎప్పుడైనా?" అని కూతుర్ని కసిరాడు. "ఒక చెయ్యి విరిగితే రెండోది లేదూ? కొలతలు నేను తీస్తాను, కుట్టడానికి మీ బాబాయిని పిలుస్తాను. అంతమాత్రాన షాపు మూలపడదు. సరేనని చెప్పవే!"

"నా ముందు చెబితే చాలదండీ, మా ఆఫీసరు వినాలి," అంది ఫోనమ్మ.

ఆయన అటక మీద పడేసిన ఫోను వెతికి తెచ్చి ఆన్ చేశాడు. ఆవిడ నంబరు చెప్తుంటే ఎడమచేతి బొటనవేలితో ఒక్కో అంకే నొక్కి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"హలో... బీమా విభాగమా అండీ?" అన్నాడు గట్టిగా, వీధిలోకి వినపడేలా. "మా అమ్మాయి మాట్లాడుతుంది. పెట్టెయ్యకండి."

ఫోనమ్మ తిరిగి వచ్చేసరికి ఆఫీసు ఖాళీ అవుతోంది. సెక్షన్ ఆఫీసరు లేచి నిలబడ్డాడు. "ఆ పిల్ల సరేనంది. వాళ్ళ నాన్న కూడా నాతో సరేనన్నాడు, నేను అడక్కపోయినా. మీరు లేకపోతే పోయేదమ్మా." ఆవిడ నవ్వి, "వస్తాను సార్," అంది. రోజూ అనే మాటే. బ్యాగూ గొడుగూ తీసుకుని వరండా చివరి దాకా నడిచి మెట్లు దిగింది. బస్సులో పక్క సీట్లో ఒక ముసలావిడ కూర్చుంటే, "ఇవాళ మా అమ్మాయిని చూసొచ్చానండీ," అని మొదలుపెట్టి, దిగే దాకా చెబుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్న కొత్తగా చేరిన అమ్మాయి ఆ కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపుకుంటే ఏదో తగిలింది. వంగి చూసింది. టేబుల్ కింద, గోడవారగా, ఫోనమ్మ ఆఫీసులో వేసుకునే రబ్బరు చెప్పులు. నీలం రంగు పట్టీలు వెలిసి తెల్లబడ్డాయి, ఎడమది మడమ దగ్గర బాగా అరిగింది. ఎవరో ఇప్పుడే విడిచినట్టు, ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా ఉన్నాయి.