ఆరు గ్రాముల మంద

ఆ వారం నందీష్ నడిచిన నడకంతా తిన్నగా రోడ్డు మీద నడిచుంటే, బెంగుళూరులో టీ తాగి మాపటేళకి సొంతూరు రాయచెర్లుకి తిరిగొచ్చేసుండేవోడు. వాడు నడిచింది మాత్రం సోలారు ప్యానెల్ల సందుల్లో, ఇరవై రెండు గొర్రెల ఎనకాల. ఈ కొస నుంచి ఆ కొసకి పోతాడు, ఏదో మర్చిపోయినోని మాదిరి నిలబడతాడు, మల్లా ఈ కొసకి వస్తాడు. గొర్రెలు మేత మాని వాన్నే చూస్తాండాయి.

కారణం ఉంగరం. శుక్రవారం బలసముద్రంలో నిశ్చితార్థం. పిల్ల పేరు రక్షిత, నందీష్ తల్లి ఓబమ్మకి వరసకి తమ్ముని కూతురు. పిల్ల నచ్చలేదా అంటే, నచ్చి నచ్చి వానికి అన్నం గూడా దిగేది లేదు. బాధల్లా ఆ పిల్ల ఏలికి ఎన్ని గ్రాములు ఎక్కియ్యాల అనేది.

బంగారం గ్రాము పన్నెండు వేలు పలుకుతాండాది. మంచి ఈడు మీదుండే గొర్రె గూడా పన్నెండు వేలే. ఈ రెండూ ఒకటే అని ఏ పొద్దు తోచిందో గానీ, ఆ పొద్దు నుంచి వాని తలకాయలో గ్రాము అంటే గొర్రె, గొర్రె అంటే గ్రాము అయిపోయినాది. మందలో చుక్కల గొర్రె దగ్గితే చాలు, గ్రాముకి జలుబు చేసిందని ఉలిక్కిపడతాడు.

వాళ్ళ భూమంతా సోలారుకి లీజుకి పోయి ఏండ్లయింది. ఈ ఏడాది లీజు దుడ్లు ఇంటి స్లాబు మింగేసింది. ఇంక మిగిలింది గొర్రెలే. ప్యానెల్ల కింద గడ్డి పెరగకుండా మేపినంత కాలమే ప్లాంటు వాళ్ళు మందని లోపలికి రానిస్తారు. మంద పదైదుకి తగ్గిందంటే గడ్డి గెలుస్తాది, వాళ్ళు ఇంకొకని మందని పిల్చుకుంటారు, నందీష్ పార పట్టుకొని కూలికి పోవాల.

ఇంత తెలిసినోడు నాలుగు గ్రాములు అనుకొని కూర్చోవచ్చు గదా. కూర్చోనియ్యని మనిషి ఒకడుండాడు, ఆంజినప్ప అని, రక్షితకి మేనమామ. బలసముద్రంలో ఎవరి నిశ్చితార్థమైనా ఉంగరం మొదట ఆయప్ప అరచేతిలోకి పోవాల. ఆయప్ప కండ్లు మూసుకుంటాడు, చెయ్యి మూడుసార్లు ఎగరేసినట్ల ఊపుతాడు, ఇన్ని గ్రాములు అని పందిరి గుంజలు అదిరేట్ల అరుస్తాడు. తక్కెడ తప్పుతాది గానీ ఆయప్ప చెయ్యి తప్పదు. ఒగసారి తూచేటప్పుడు ఉంగరం మీద ఈగ వాలిందంట. ఆయప్ప కండ్లు తెరవకుండానే ఉంగరం బరువు చెప్పి, ఈగది వేరేగా చెప్పినాడంట.

పోయిన ఏడాది నందీష్ చిన్నాయన కొడుకు యోగీశ్ ఆ ఊరి పిల్లకే చేయించిన ఉంగరాన్ని ఎనిమిది అని అరిచినాడు. ఆ అరుపు కొండకి తగిలి ఇప్పటికీ తిరుగుతానే ఉండాది, గాలి ఇటు తిరిగినప్పుడల్లా నందీష్ చెవిలో పడతాది.

ఓబమ్మ నాలుగు చాలు అనింది. నాలుగుతో పోయేకంటే ముసుగేసుకొని పోవడం మేలని యోగీశ్ అన్యాడు. వక్కలు కొననీకి అంగడికి పోతే అంగడాయన అడగకుండానే ఐదు చెప్పినాడు. పావగడలో ఉంగరం చేసే ఆచారి శివరాజు, బుధవారం మాపటేళ లోపల చెప్పకపోతే శుక్రవారానికి కాదని తెగేసి చెప్పినాడు. బుధవారం పొద్దన్నే నందీష్ ఫోన్ చేసి, కండ్లు గట్టిగా మూసుకొని, ఆరు అనేసినాడు. నాలుక మీద నుంచి బరువు దిగుతాదనుకున్యాడు. అది దిగి కాళ్ళలోకి పోయినాది. మల్లా నడక.

పదిగంటలకి గొర్రెల బేరగాడు గుండప్ప ఆటో ఏసుకొని వచ్చి, ఆరు పట్టియ్యమన్యాడు. నందీష్ చుక్కదాన్ని చూపించినాడు. గుండప్ప తాడు ఏసేలోపల, అది చూలుతో ఉండాది, వద్దు అన్యాడు. నల్లదాన్ని చూపించి, అది లేకపోతే మిగతావాటికి ఇంటి దారి తెలీదన్యాడు. కుంటిది వాన రాబోయే గంట ముందరే ప్యానెల్ కింద దూరతాదంట, దాన్ని చూసి ఓబమ్మ ఆరేసిన పప్పు ఎత్తుతాదంట, అది పోతే వాన సంగతి ఎవరు చెప్పాల అన్యాడు. బొల్లిదాన్ని పుట్టినప్పుడు తువ్వాల్లో సుట్టుకొని మూడు మైళ్ళు మోసినాడంట. గుండప్ప తాడు ముడి ఎయ్యడం, ఇప్పడం, రెండు బీడీలు అయిపోయినాయి.

కడాకి తాడు భుజం మీద ఏసుకొని అన్యాడు గుండప్ప, "నందీ, నేను జీవాలు కొననీకి వచ్చినానప్పా. మీ చుట్టాలందర్నీ పరిచయం చేసుకోనీకి రాలేదు."

సాయంత్రం ఐదుకి మల్లా వస్తాను, అప్పుడు ఆరు కట్టేసి ఉండాల అని చెప్పి పోయినాడు.

నందీష్‌కి ఇంక నిలబడే చోటు తోచలేదు. మందని ఎవరికి అప్పజెప్పాలో గూడా తోచలేదు. ఇరవై రెండింటినీ తోలుకొని, ప్యానెల్ల అడ్డదారిన బలసముద్రం పక్కుండే ప్లాంటు గేటుకాడికి పోయినాడు. ఆ పొద్దు ఎండ ఎట్లుండాదంటే, ప్యానెల్ మీద వాలిన కాకి ఒంటి కాలి మీద ఎగిరెగిరి అట్లే మడకశిర దాకా పోయినాది.

రక్షిత ఆ ప్లాంటులోనే పని చేస్తాది. ఐటీఐ చదివిన పిల్ల, ఇన్వర్టర్ల కాడ హెల్పరు. మధ్యాన్నం అన్నం టయానికి నెత్తిన పచ్చ హెల్మెట్టుతో బయటికి వచ్చి, గేటు నిండా గొర్రెల్ని చూసి నిలబడిపోయినాది.

"యాల బావా, మందంతా తోలుకొచ్చినావు? శుక్రవారం గదా మీరు రావాల్సింది."

వాడు ఉంగరం సంగతి ఎత్తినాడు. ఎంతలో అనుకున్యావని అడిగింది. వాడు చెయ్యి చాపి ఒక్కొక్కదాన్నే చూపించినాడు, ఆ నల్లది, ఆ చుక్కది, ఆ కుంటిది, ఆ బొల్లిది, ఆ పొట్టేళ్ళు రెండు. రక్షిత ఆ ఆరింటినీ చూసింది, తన ఏలు చూసుకునింది.

"ఇన్ని నా ఏలెక్కితే నేను స్పానర్ ఎట్ల పట్టుకోవాల బావా?"

వాడు నవ్వలేదు. అప్పుడు ఆ పిల్ల చేతిలో ఉండే టిపిను డబ్బా తెరిచి, ఊరగాయ పెట్టుకునే చిన్న గిన్నె తీసి చూపించింది. దాంట్లో ఆ పిల్ల కమ్మలు, సన్న గొలుసు పడుకోనుండాయి. కరెంటు పని గదా, లోపలికి పొయ్యేటప్పుడు ఒంటి మీద ఇనుమూ బంగారమూ ఏదీ ఉండగూడదు, గేటుకాడే తీసెయ్యాల, అది ఈడ రూలు అని చెప్పింది.

"నువ్వు చేయించేది దినాము ఈ గిన్నెలో పడుకుంటాది. ఊరగాయ గిన్నెకి ఎన్ని గ్రాములు కావాలో చెప్పు."

"గిన్నెకి ఎన్నో నాకు తెలీదు. మీ మామ అరుపుకి ఎన్ని కావాలో చెప్పు. అందరి ముందర అరుస్తాడు. ఆ అరుపు నేను బతికినన్ని దినాలు ఇనాల."

రక్షిత చుక్కదాని పక్కన కూర్చొని కడుపు తడిమి చూసింది. ఎప్పుడు ఈనుతాదని అడిగింది. కార్తీకానికి అన్యాడు. వాళ్ళవ్వకి గూడా మంద ఉండేదని, భూమి లీజుకి పోయినప్పుడు అమ్మేసినారని, ఆ దినము నుంచి వాళ్ళింట్లో ఒక గొంతు తగ్గినట్లుంటాదని చెప్పింది. చెప్పి, లేసి చేతులు దులుపుకునింది.

"రెండు గ్రాములు చేయించు. నాలుగు జీవాలకి నా గుర్తు పెట్టు. అవి అమ్మాలంటే నన్ను అడగాల. మామ సంగతి నాకొదిలెయ్యి."

నందీష్ ఆడనుంచే ఆచారికి ఫోన్ చేసి రెండు అన్యాడు. ఆచారి ముందు సరిగ్గా ఇనపడలేదనుకొని మూడుసార్లు అడిగినాడు. ఐదుగంటలకి గుండప్ప వస్తే పొట్టేళ్ళు రెండింటినీ పట్టించినాడు, ఈసారి ఏ చరిత్రా చెప్పకుండా. ఎర్ర పెయింటు తెచ్చి నల్లది, చుక్కది, కుంటిది, బొల్లిది, నాలుగింటి మెడ సుట్టూ ఏలి మందాన గీత గీసినాడు. దీంతో మనశ్శాంతి రావాల గదా. గురువారమంతా వాడు నడిచిన తోవలో గడ్డి మొలవక, గొర్రెలకి అర దినము పని తగ్గింది.

శుక్రవారం పందిట్లో ఉంగరం ఆంజినప్ప అరచేతిలోకి పోయినాది. ఆయప్ప కండ్లు మూసుకున్యాడు. మూడుసార్లు ఊపినాడు. ఎప్పుడూ లేంది ఇంకోసారి ఊపినాడు. కండ్లు తెరిచి, "రెండు" అన్యాడు. అరవలేదు, ఎవర్నో అడిగినట్ల అన్యాడు. యోగీశ్ దగ్గినాడు. నందీష్ చాప మీద కూర్చున్యాడు గానీ, పంచె కింద కాళ్ళు అప్పటికే సగం దూరం ఇంటికి పోయినాయి.

రక్షిత తల ఎత్తింది. "ఇంగా అయిపోలేదు మామా. మిగిలింది బయట కట్టేసి ఉండాది. అది గూడా తూచి చెప్పు."

అందరూ లేసి బయటికి పోయినారు. నందీష్ తోలుకొచ్చిన నాలుగు గొర్రెలు, మెడలకి ఎర్ర ఉంగరాలు, పందిరికి కట్టిన మామిడాకులు సగం తిని నిలబడుకోనుండాయి. ఆంజినప్ప ఎట్లాంటోడంటే, బరువు కనపడితే చెప్పకుండా ఉండలేడు. తువ్వాలు భుజానికేసి, చుక్కదాన్ని రెండు చేతుల్లోకి ఎత్తుకున్యాడు. కండ్లు మూసుకున్యాడు. మూడుసార్లు ఊపినాడు. గొర్రె గూడా మర్యాదగా కండ్లు మూసుకునింది.

"ముప్పై నాలుగు వేల గ్రాములు."

ఆ అరుపుకి ప్యానెల్ల మీద దుమ్మంతా లేసిపోయి, ఆ వారం వాటిని కడిగే పనే లేకపోయినాది. కొండలో ఏడాదిగా తిరుగుతాండే యోగీశ్ ఎనిమిది, దీని కిందబడి ఏమైందో ఎవరికీ తెలీదు. ఆయప్ప గొర్రెని మెల్లగా దించి, తువ్వాలుతో మొహం తుడుచుకొని, ఇంకొక మాట అన్యాడు.

"లోపల పిల్లలు రెండుండాయి. వాటిది వేరే."

ఇంతటితో నందీష్ కాళ్ళు కుదురుకున్యాయా అంటే, లేదు. ముందు వాడు ఇరవై రెండింటి ఎనకాల నడిచేవోడు, ఇప్పుడు ఆ నాలుగింటి ఎనకాల నడుస్తాండాడు. ఎండెక్కితే వాటికి నీడ ఎతుకుతాడు, నీడుంటే తేలుందేమోనని రాళ్ళు తిప్పి చూస్తాడు. దినాము మధ్యాన్నం గేటుకాడ ఊరగాయ గిన్నెలోంచి ఉంగరం తీసి ఏలికి పెట్టుకున్యాక, రక్షిత ఫోన్ చేస్తాది. ఇంకేమీ అడగదు.

"నా గ్రాములు నీళ్ళు తాగినాయా బావా?"

తాగినాయి అని చెప్పి, ఫోన్ జేబులో ఏసుకొని, నిజంగా తాగినాయో లేదో చూడనీకి వాడు మల్లా లేస్తాడు.