చప్పబడిన నాలుక

కిబిరో ఊరి ఉప్పుమడుల్లో ఆ రోజు న్యాకైసికి అనే పిల్ల మొదటిసారి సొంతంగా ఉప్పు దించుతోంది. చిల్లుల కుండలో ఉప్పుమన్ను నింపి నీళ్ళు పోస్తే, ఉప్పు కరిగి కింది కుండలోకి దిగుతుంది, మన్ను పైనే ఉండిపోతుంది. ఆ నీళ్ళు ఉప్పగా దిగితే తన మడి మనవరాలికే ఇస్తానంది అమ్మమ్మ అడ్యేరి. తల్లి కబహెండాకు మాత్రం పొద్దుటినుంచీ గుండెదడే.

ఆమె వేలు ముంచి నాకింది. మళ్ళీ నాకింది. ముఖం వాడిపోయింది.

"అయ్యో, చప్పిడి నీళ్ళే! ఉప్పంతా వానకి కొట్టుకుపోయుంటుంది. ఇంక పిల్లకి మడి లేనట్టే!"

అడ్యేరి పకపకా నవ్వి, కూతుర్ని ముద్దుపేరుతో పిలిచింది. "పొద్దుట్నుంచీ ఊళ్ళో కుండలన్నీ నాకొచ్చావు కదే అమూతీ! నీ నాలుక ఊరగాయైపోయింది. ఇప్పుడు ఉప్పు బొక్కినా నీకు చప్పగానే ఉంటుంది."

"నువ్వెన్ని చెప్పినా నాకు భయమేనమ్మా."

అంతలో న్యాకైసికి కుండ జరపబోతే, పొద్దున మన్ను గీకుతూ గీరుకుపోయిన ఆమె వేలు ఆ నీళ్ళలో మునిగింది. "అమ్మో, మంట!" అంటూ ఎగిరి గంతేసింది.

"మడి నీదేనే పిల్లా!" అంది అడ్యేరి.

కబహెండా కూతుర్ని గట్టిగా వాటేసుకుంది. "మండిందా? బాగా మండిందా? ఏదీ, ఇంకోసారి ముంచవే నా బంగారూ!"