ఖాళీ వలయం

అక్షరాలు వంకరగా ఉన్నా, తప్పులు దొర్లినా ఏమీ అనుకోకండి. ముసలితనంలో నేర్చిన రాత, చెయ్యి మెల్లగా కదులుతుంది.

మా కరియాకూ దీవిలో మనిషి పోయిన కొన్నేళ్లకు సమాధి రాయి నిలబెట్టి విందు చేస్తాం. ఆ సాయంత్రం డోళ్లు మోగాలి. నేల మీద రమ్మూ నీళ్లూ చల్లి, జనం చుట్టూ నిలబడ్డ ఆట వలయాన్ని కాసేపు ఖాళీగా వదలాలి. అప్పుడు అందులో ఆడేది పోయినవాళ్లు. నా భర్త లూషన్ వచ్చి ఆడితేనే ఆ రాయి కింద నెమ్మదిగా పడుకుంటాడు. నాకు కావలసిందల్లా అదే.

నడిమి డోలు ఆడేవాళ్ల అడుగును పట్టుకుని పోవాలి. ముసలి గార్నెట్ కీళ్లనొప్పులతో పక్క డోలు తప్ప వాయించలేనన్నాడు. గత్యంతరం లేక నాకు కొడుకు వరసైన సిల్వన్‌ను పిలిచాను. హోటల్లో పర్యాటకుల ముందు వాయించి వాయించి, తాతముత్తాతలంతా తన చంకలో ఉన్నట్టు మాట్లాడే రకం. ఎర్ర పట్టు చొక్కా తొడుక్కుని, అద్దె ఆటగత్తెలిద్దరిని వెంటేసుకుని వచ్చాడు.

నా వదిన మరియెట్ పాట ఎత్తుకుంది. నేను నేల తడిపాను. వెంటనే సిల్వన్ కనుసైగ చేశాడు. అమ్మాయిలిద్దరూ నడుములు తిప్పుకుంటూ వలయంలోకి దూకారు.

"ఏంట్రా ఇది?" అన్నాను.

"ఖాళీగా ఉంటే ఏం బాగుంటుంది పిన్నీ? జనం చూడొద్దూ?"

"మీ బాబాయి కాళ్లు తొక్కుతున్నారురా వాళ్లు!"

"నా చేతి దెబ్బ వింటే బాబాయే లేచొచ్చి ఆడతాడు."

మరియెట్ పకపకా నవ్వింది. "నీ దెబ్బకా? మా తమ్ముడు బతికున్నప్పుడే నువ్వు వాయిస్తే లేచి ఇంటికి పోయేవాడు!"

నవ్వి, పాట ఆపేసింది. వెనక వంత పాడే ఆడవాళ్లంతా నోళ్లు మూశారు. సిల్వన్ ఇంకా గట్టిగా బాదాడు. మెట్ల మీద పీపా దొర్లినట్టుంది. అమ్మాయిలు అడుగు తోచక బయటికి వచ్చేశారు. పెరట్లో మేక అరిచింది.

"అది నయం," అంది మరియెట్.

"పాట ఎత్తుకో అత్తా, పరువు పోతోంది," అన్నాడు సిల్వన్ చివరికి.

"పక్క డోలుకు జరుగు. దానికి ఒకటే దెబ్బ, నీ సోకులు పనికిరావు."

జరిగాడు. గార్నెట్ మూలుగుతూ నడిమి డోలు ముందుకు వచ్చాడు. నేల మళ్లీ తడిపాను. ఈసారి ఎవరూ కదల్లేదు. లూషన్ కుడికాలు ఈడ్చి ఆడేవాడు. ఆ ఖాళీ వలయం ముందు గార్నెట్ డోలు దెబ్బ అచ్చం అలాగే ఈడ్చుకుంటూ నడిచింది. నాకది చాలు.

సిల్వన్ ఇప్పుడు హోటల్లో ఖాళీ వలయం కూడా చూపిస్తున్నాడట, తానే కనిపెట్టినట్టు. వాడి వలయం నిజంగానే ఖాళీ. వాడు చెప్పేవాటిలో నిజం అదొక్కటే.

ఇస్మే కొంపేర్, డెబ్బై ఒక్కేళ్లు, ఇప్పుడు ఉంటున్నది హిల్స్‌బరోలో.