నేలను తాకిన తల

ఈ ఏడు కొత్త సంవత్సరం ఊరేగింపులో కబిన్ రాజు తలను మోసేది మా అమ్మాయి మలివన్ అని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. పదిహేనేళ్ల పిల్ల. చేతులు చూస్తే వెదురు పుల్లలు. ఏడుగురు ఆడపిల్లల్లో ముందు నడుస్తూ, నాలుగు ముఖాల ఆ కొయ్య తలను పళ్లెంలో పెట్టుకుని, విహారం నుంచి ఏటి ఒడ్డు దాకా పోవాలి. పడితే?

నాకు అన్నిటికీ భయమే అని మా ఆయన నవ్వుతాడు. కానీ ఈ భయం నేను పుట్టించింది కాదు, కథలోనే ఉంది.

ఆ కథ బున్‌థన్ అవ్వ ఏటా ఏడుగురు పిల్లలనూ తన మెట్ల మీద కూర్చోబెట్టుకుని చెబుతుంది. మనిషి శోభ పొద్దున ఎక్కడ, మధ్యాహ్నం ఎక్కడ, సాయంత్రం ఎక్కడ అని కబిన్ రాజు ఒక కుర్రాడిని అడిగాడు. ఏడు రోజుల్లో చెప్పకపోతే నీ తల, చెబితే నా తల అని పందెం. కుర్రాడు తాటిచెట్టు కింద పడుకుని, పైన గద్దలు మాట్లాడుకున్నది విని చెప్పేశాడు. పొద్దున ముఖంలో, మధ్యాహ్నం రొమ్ములో, సాయంత్రం పాదాల్లో. మేం పొద్దున ముఖం కడిగేదీ, ఎండవేళ రొమ్ము మీద నీళ్లు చల్లుకునేదీ, కాళ్లు కడుక్కుని పడుకునేదీ అందుకే. రాజు మాట తప్పలేదు, తల ఇచ్చేశాడు. కానీ ఆ తల నేల మీద పడితే లోకం కాలిపోతుంది, గాలిలోకి విసిరితే వానలుండవు. అందుకని రాజు కూతుళ్లు ఏడుగురూ దాన్ని పళ్లెంలో పట్టి మేరువు చుట్టూ తిప్పారు.

మూడేళ్ల కిందట కొంగ్‌చన్ అనే పిల్ల తడినేల మీద జారింది. తల దొర్లింది. ఆ ఏడు నారు మడుల్లోనే ఎండింది. అంతే, ఆ పిల్లను నాట్లకు పిలిచినవాళ్లు లేరు, పెళ్లిపిలుపుల్లో దాని పేరు లేదు. చివరికి రాజధాని వియంతియాన్‌లో బట్టల ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. ఇప్పుడు మలి వంతా?

నేను అవ్వ దగ్గరికి పోయాను.

"అవ్వా, మా పిల్లను తీసెయ్."

"తీసెయ్యడానికి అదేమన్నా పులుసులో ముల్లా?"

"కొంగ్‌చన్‌ను ఏం చేశారో మరిచిపోయావా?"

"నేను కథ చెప్పానంతే. దాన్ని తిట్టమని చెప్పలా."

"తిట్టొద్దని కూడా చెప్పలేదుగా! అందరూ దాని మీద పడుతుంటే నోట్లో ఆకూవక్కా పెట్టుకుని కూచున్నావ్!"

అవ్వ పక్కకు ఉమ్మింది. ఇంటికొచ్చాక మలి కూడా నా మీదికే వచ్చింది. "నువ్వు ఊరేగింపుకి రాకమ్మా. నువ్వుంటే నాకు చేతులు వణుకుతాయి."

వెళ్లకుండా ఎలా ఉంటాను? దారి పొడుగునా పండగని ఒకరి మీద ఒకరు నీళ్లు పోసుకునే జనం, బకెట్లు, పైపులు, సబ్బునురగ, బీరు సీసాలు. నేను బుట్టెడు ఊక తీసుకుని పిల్లల కంటే ముందు నడుస్తూ, తడి కనిపించిన చోటల్లా చల్లాను.

"దువాంగ్‌తా అక్కా, కోళ్లేవీ?" అని ఒకడు. అందరూ ఇకిలించారు.

సందు మలుపులో ఊరి పెద్ద మేనల్లుడు ఫుత్, బండి మీద నిలబడి నురగ బకెట్టు ఎత్తాడు. మలి మీదికే. నాకు ఒళ్లు తెలియలేదు. దారికడ్డంగా పరుగెత్తాను.

"ఒరేయ్ ఫుత్! దించరా బకెట్టు! తాగి కళ్లు పోయాయిరా?"

దించాడు. నిజంగానే దించాడు. కానీ పళ్లెం మీదే చూపు పెట్టి నడుస్తున్న మలి వచ్చి నా వీపుకు గుద్దుకుంది. తల నా ఊక మీదే పడి, దొర్లి, కాలవ గట్టున ఆగింది.

డప్పు ఆగిపోయింది.

"అయిపోయిందిరా. ఇంకో కొంగ్‌చన్ తయారైంది," అంది ఒక ఆడగొంతు.

"ఎవరే ఆ మాటన్నది?" నా అరుపు నాకే కొత్తగా ఉంది. "అడ్డం పడింది నేను! దీన్నెందుకు చూస్తారు, నన్ను చూడండి. మీరు నీళ్లు గుమ్మరిస్తారు, మీరు తాగి తూలుతారు, జారితే మాత్రం పిల్లదా తప్పు? కొంగ్‌చన్ కాళ్ల కింద ఆ రోజు నీళ్లు పోసిందెవరో ఒక్కరన్నా అడిగారా? వానలు పడకపోతే మా గుమ్మానికి రండి. రేవు పక్కిల్లు!"

అవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"పడేసింది తల్లి. నేను చూశాను. పిల్ల జోలికి ఎవరూ పోవద్దు," అంది.

మలి వంగి, తలను తీసి, పైటకొంగుతో తుడిచి పళ్లెంలో పెట్టుకుంది. నా ముఖం చూడకుండా నడిచిపోయింది.

వాన పది రోజులు ఆలస్యంగా వచ్చింది. ఆ పది రోజులూ నా లెక్కలోనే వేశారు. మా చేలో నాట్లకు ఒక్క మనిషి రాలేదు. మేం ఎన్ని ఇళ్లకు బదులు పని చేశామో ఎవరికీ గుర్తులేదు. ఆయనా నేనూ పన్నెండు రోజులు వంగి నాటాం. ఒక్కో మొక్క గుచ్చుతూ ఒక్కొక్కరినీ పేరు పెట్టి తిట్టాను.

మలిని మాత్రం ఐదిళ్లవాళ్లు పిలిచారు. మొదటి రోజు సాయంత్రం మోకాళ్ల దాకా బురదతో, చేతిలో వాళ్లిచ్చిన ముద్దన్నం పొట్లంతో వచ్చింది.

"అమ్మా, వాళ్లు నిన్నేమంటున్నారో తెలుసా?"

"అననీ. నిన్నేమన్నారు?"

పొట్లం నా చేతిలో పెట్టింది.

"నన్నా? నన్నేమీ అనలేదు."