సగటు చెవి

అక్క తన చెవులు ఇవ్వడానికి వచ్చింది.

"గోడలకు చెవులుంటాయంటారు. ఇక్కడ గోడలకే దూది పెట్టారు కదరా," అంది, శబ్దం ప్రతిధ్వనించకుండా గోడలకు స్పాంజి ముళ్లు కప్పిన ఆ గదిలోకి అడుగుపెడుతూ. ఆమె నా సొంత అక్క కాదు. ప్రయోగశాలలో నాకంటే రెండేళ్లు సీనియరు. ఈ ఏడు మా విభాగానికి వచ్చిన ఒకే ఒక్క ఫెలోషిప్‌కి ఇద్దరం పోటీపడ్డాం. నాకొచ్చింది. ఒకటో తారీఖున ఆమె వినికిడి యంత్రాల దుకాణంలో చేరుతోంది.

కొలత తీయడానికి ఆమె చెవుల్లో బియ్యపుగింజంత మైకులు పెట్టాను. చుట్టూ ఉన్న స్పీకర్లు ఒక్కొక్కటే కూత వేస్తాయి. అరగంటసేపు తల వెంట్రుకవాసి కదపకూడదు, మాట్లాడకూడదు.

"నన్ను అరగంట నోరు మూయించావని తెలిస్తే మా అమ్మ నీకు దండం పెడుతుంది."

మొదటి కూత వినిపించింది. ఆమె బిగుసుకుని కూర్చుంది.

ఏ ఇద్దరి చెవి మడతలూ ఒకటి కావు. ఎవరి చెవి కొలతతో శబ్దాన్ని మలిస్తే, హెడ్‌ఫోన్లలో వాళ్లకే అది నిజంగా వెనక నుంచి వచ్చినట్టుంటుంది. మిగతావాళ్లకు తలలోనే ఇరుక్కుంటుంది. అందుకే ఫెలోషిప్ పోటీలో వినిపించే శబ్దానికి అందరూ సగటు చెవి కొలతే వాడాలని నియమం. అక్క అదే వాడింది. నేను పెద్దాయన చెవులు వాడాను. ఆయన మా ప్రొఫెసరు, నిర్ణయించేది ఆయనే. కిందటేడు ఒక ప్రయోగం కోసం ఆయన చెవులు కొలిచింది నేను. పోటీ రోజు నా హెడ్‌ఫోన్లలో, వీపు వెనక కుర్చీ జరిగిన చప్పుడు వినగానే ఆయన ఉలిక్కిపడి తిరిగి చూశారు. నేను కూడా ఆశ్చర్యపోయినట్టు నవ్వాను. కొలత ఫైలు మార్చడం కన్నా ఆ నవ్వే నన్ను ఎక్కువ తొలుస్తోంది.

పదో కూత దగ్గర ఆగలేక అంతా చెప్పేశాను.

ఆమె కదల్లేదు. చూపు ఎదుటి స్పీకరు మీదే ఉంది. అప్పుడర్థమైంది, ఆమె బదులు చెప్పలేని సమయాన్నే నేను ఏరుకున్నానని. ఒప్పుకోవడంలోనూ నా సుఖమే చూసుకున్నాను.

కూతలు ఆగాక మైకులు తనే తీసి బల్ల మీద పెట్టింది.

"మైకుల్లో నీ మాటలు పడ్డాయి. కొలత పాడైంది, మళ్లీ తీయాలి."

"అక్కా..."

"అక్కా లేదు గిక్కా లేదు. కదల్లేదని క్షమించాననుకోకు. పని చెడగొట్టడం నాకు చేతకాదు, అంతే. నీ మూట తెచ్చి నా నెత్తిన దించుతావేంట్రా? పెద్దాయన తన గదిలోనే ఉన్నాడు. పోయి చెప్పు."

"ఫెలోషిప్ పోతుంది."

"పోతుంది మరి."

"నువ్వూ రా."

"దేనికి? సాక్ష్యానికా, ధైర్యానికా?"

రెండూ కాదు. ఆమె చూస్తుండగా చెబితే కాస్త మంచివాడిలా కనిపిస్తానని. నాలోని ఆ ఆశ కూడా నాకే తెలిసిపోయింది.

ఒక్కణ్ణే వెళ్లాను. నడవ పొడుగునా, ఎక్కణ్ణుంచి మొదలుపెడితే తప్పు చిన్నదిగా వినిపిస్తుందా అని వెతుకుతూనే ఉన్నాను. తలుపు తెరిచి, ఆయన కూర్చోమనకముందే, "ఆ రోజు నేను మీ చెవుల కొలత వాడానండీ," అన్నాను.